ఇక్కడ ఓడ కోసం ఆగాలి

వెండ్లా కోస్కెలా పియానో ముందు కూర్చుంటే
పక్కన నిలబడి పేజీలు తిప్పేవాణ్ణి నేను.
పద్నాలుగేళ్లు నాకు. రెండు పేజీలకి ఒక సెంటు.
నాన్న డులూత్ రేవులో
ఓడల కడుపుల్లోకి ఇనుపరాయి పోసి వచ్చి
ఎర్రటి చేతులతో నా చిల్లర లెక్కపెట్టేవాడు.
"ఏం వాయిస్తుందిరా యోజె, ఆవిడ?"
"ఏమో నాన్నా, నీ పని చప్పుడులాగే ఉంటుంది."
నమ్మలేదు. నవ్వాడు.

ఆవిడ పొట్టకూటి పని పియానోలకి శ్రుతి చేయడం.
చర్చీలు, సారాకొట్లు, కలప షావుకార్ల మేడలు.
భుజాన పనిముట్ల పెట్టె,
పెట్టె అడుగున, సుత్తి కింద, సగం రాసిన సంగీతం.
తీగ బిగించి, చెవి ఆనించి,
అది ఒప్పుకునేదాకా వదిలేది కాదు.
షావుకారు భార్య కాఫీ ఇచ్చేది,
వంటింట్లో.

బోస్టన్ నుంచి ఎవరో పెద్దమనిషి ఉత్తరం రాశాడు:
"అమ్మా, మీ సింఫనీ చూశాను.
వియన్నాలో ఎవరూ ఇలా రాయరు."
ఆ ఉత్తరం వెనకవైపు
అయిదేసి గీతలు గీసుకుని
మూడో భాగం మొదలుపెట్టింది.
కాగితం ఖరీదు మరి.

ఏప్రిల్‌లో సరస్సు మీద మంచు పగులుతుంది చూడండి,
రాత్రిపూట, ఊరికి అటు చివర్నించి ఇటు చివరికి
ఒకే చీలిక పరిగెత్తినట్టు,
అది కావాలంది ఆవిడ.
డబుల్ బేస్ వాళ్లని విల్లు తిరగేసి కర్రతో కొట్టమంది.
వాళ్లు అలిగి బయటికెళ్లి చుట్టలు కాల్చుకున్నారు.
తిరిగొచ్చి కొట్టారు.
వెనక వరసలో నాన్న లేచి నిలబడ్డాడు.
ఎందుకో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక ఆఖరి భాగం.
ఆర్కెస్ట్రా అంతా ఒక్క స్వరం మీద ఆగుతుంది.
కిటికీలు తెరిచి ఉంటాయి.
రేవులోంచి ఓడ కూత జవాబివ్వాలి.
కెప్టెన్ స్టోర్‌ఫ్లాట్ బైబిల్ మీద ఒట్టేశాడు,
తొమ్మిదిన్నరకి, తప్పకుండా అని.

తొమ్మిదిన్నర అయింది.
బయట మంచు, గోడ కట్టినట్టు.
కండక్టర్ చేతులు గాల్లో.
పేజీ మూల మీద నా వేలు.
ఒకరు దగ్గారు. ఇంకొకరు దగ్గారు.
బాల్కనీలో ఎవడో మేకలా అరిచాడు.
కండక్టర్ చేతులు దించి, ముగింపు కానిచ్చేసి,
జనం మనసు మళ్లించడానికి వాల్ట్జ్ ఎత్తుకున్నాడు.

ఆ వాల్ట్జ్ నడుమన వచ్చింది కూత.
మంద్రంలో, తడిసి,
ఆ పాటకి ఏ చుట్టరికమూ లేని శ్రుతిలో,
సరస్సంత పొడుగున.
ఆవిడ తల వంచుకుంది. భుజాలు కదులుతున్నాయి.
ఏడుస్తోందనుకుని జేబురుమాలు తీశాను.
నవ్వుతోంది.
కళ్లలో నీళ్లు తిరిగేలా, చిన్నపిల్లలా.

మర్నాడు "ఓడ కూత" అన్న మాట కొట్టేసి
పైన ఇలా రాసింది:
"ఇక్కడ ఓడ కోసం ఆగాలి.
రాకపోతే కోప్పడకండి. దారిలో ఉంటుంది."

మొత్తం నలభై ఆరు రచనలంటారు లైబ్రరీవాళ్లు.
బేకరీ సంచుల మీద రాసి,
రొట్టె తెచ్చిన ఇంట్లోనే మర్చిపోయినవి
వాళ్ల లెక్కలో లేవు.
నేను తిప్పాను వాటిని. సంచి తిప్పడం కష్టం,
పిండి రాలుతుంది.

ఇప్పుడు నాకు డెబ్బై ఒకటి.
కాలేజీ పిల్లలు ఆ సింఫనీ వాయిస్తున్నారంటే వెళ్లాను.
కొత్త హాలు. ఒక్క కిటికీ లేదు.
కూత టేపు మీద ఉందట, ఠంచనుగా వస్తుందట.
బాగా వాయిస్తారు పిల్లలు, అబద్ధమెందుకు.
అయినా ఆఖరి భాగం ముందు లేచి,
మోకాళ్లు తిట్టుకుంటూ తలుపు దాకా నడిచి,
సందులో నా టోపీ ఇరికించి వచ్చాను.

చలి వేస్తోందని ఎవరో విసుక్కున్నారు.